బడిలో యంత్రం, పిల్లల ఎదురుమాట

1

మన బళ్ళలో 'ఎదురు చెప్పడం' నేరం. పంతులు అడిగినప్పుడు జవాబు చెప్పేవాడు బుద్ధిమంతుడు. పంతులు చెప్పినదాని మీద ప్రశ్న వేసేవాడు పొగరుబోతు. ఈ నీతి వీధి అరుగు మీద గుంటల్లో ఓనమాలు దిద్దించిన కాలం నుంచి కాన్వెంటు బడి దాకా మారకుండా వచ్చింది. బెత్తం పోయిన చోట కూడా నీతి పోలేదు.

ఇప్పుడు అదే బడి గోడకు పెద్ద తెర వచ్చింది. వేలితో తాకితే బొమ్మ కదులుతుంది, తప్పు రాస్తే ఎర్రగీత పడుతుంది, ఒప్పు రాస్తే చప్పట్లు మోగుతాయి. దీన్ని 'ఇంటరాక్టివ్' పానెల్ అంటున్నారు. పరస్పరం మాట్లాడుకోవడానికి వీలిచ్చేదని ఆ మాటకు అర్థం. అంటే, ఎదురు చెప్పడాన్ని నేరంగా చూసిన బడిలోకి ఎదురుమాట అడిగే యంత్రం వచ్చిందన్నమాట. ఇది నిజమైతే మన విద్యా చరిత్రలో ఇంతకు మించిన గుణాత్మకమైన మార్పు లేదు.

నిజమో కాదో తెర పొడుగు వెడల్పులు చూసి తేల్చలేం. చరిత్ర చూడాలి. ఎందుకంటే మన పల్లెబడిలోకి యంత్రం రావడం ఇది మొదటిసారి కాదు. వచ్చిన ప్రతిసారీ అది విద్యార్థికి కొత్త గొంతు ఇస్తుందనే చెప్పారు. ఆ వాగ్దానాలను పరీక్షించడానికి ఒక కొలబద్ద కావాలి. నా దృష్టిలో అది చాలా సాదాది: విద్యార్థి అన్న మాట తర్వాతి పాఠాన్ని మార్చిందా? మార్చితే అది సంభాషణ. మార్చకపోతే మీట నొక్కించుకున్నా, మైకు అందించినా అది ఉపన్యాసమే.

ఈ పరీక్షకు హైదరాబాద్ ఉత్తర శివారు అనువైన చోటు. శామీర్‌పేట, మేడ్చల్ ప్రాంతంలోని దేవరయాంజాల్‌నే తీసుకోండి. సీతారామస్వామి గుడి ఉన్న ఊరు. ఆ గుడి భూముల వివాదంతో 2021లో పత్రికలకెక్కింది. ఒకనాటి వ్యవసాయ గ్రామం చుట్టూ ఇవాళ గోదాములు లేచాయి. ఈ ఊరికి కొద్ది కిలోమీటర్ల ఫాసలాలోనే శామీర్‌పేటలో న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయం నల్సార్, జవహర్‌నగర్ పక్కన 2008లో వచ్చిన బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం ఉన్నాయి. దక్షిణంగా వెళ్తే కుషాయిగూడ దగ్గర ఈసీఐఎల్ కర్మాగారం ఉంది. అత్యాధునిక విద్య, యంత్రాలు చేసే కర్మాగారం, గోదాముల్లో మూటలు మోసే కూలి బతుకు, వీటి నడుమ సర్కారు బడి: ఇదీ ఇక్కడి చిత్రం. యంత్రం ఎవరి చేతిలో ఏ పని చేస్తుందో చూడటానికి వేరే చోటికి పోనక్కరలేదు.

2

యంత్రానికి ముందు తెలంగాణలో మాట పరిస్థితి ఏమిటి?

నిజాం రాజ్యంలో చదువు ఉర్దూలో సాగింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత విద్యను ఒక దేశభాషలో చెప్పి చూపించింది. ఇంగ్లీషు లేనిదే శాస్త్రం లేదన్న వాదానికి అది ఆచరణలో ఇచ్చిన జవాబు. అందులోని అభ్యుదయాన్ని మనం కాదనకూడదు. కాని అదే ఏర్పాటులో తెలుగు రైతుబిడ్డకు పాఠం ఇంటి భాషలో అందలేదు. అర్థం కానివాడు ప్రశ్నించలేడు. అడగలేకపోవడానికి బెత్తమే అవసరం లేదు, పరాయి భాష చాలు.

1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధినిలో జరిగిన సంఘ సంస్కరణ సభ కథ అందరికీ తెలిసిందే. అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు హేళన చేశారు. ఆ అవమానం నుంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన తొలి ఆంధ్ర మహాసభకు దారి అక్కడినుంచే పడింది. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక జవాబు చెప్పింది. తెలంగాణ ఆధునిక చరిత్రలో ముఖ్యమైన ఘట్టాలు ఇట్లా ఎదురుమాటల్లోంచే పుట్టాయి.

1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంతో మొదలైన గ్రంథాలయోద్యమం ఈ ఎదురుమాటకు చోటు కల్పించింది. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలన్న గస్తీ నిషాన్ 53 అమల్లో ఉన్న రాజ్యంలో గ్రంథాలయం పుస్తకాల కొట్టు మాత్రమే కాదు. ఒకరు పత్రిక చదివితే పదిమంది వినేవారు. విన్నవాళ్ళు ఊరుకునేవారు కాదు, ఊళ్ళో వెట్టితో, పటేల్ పట్వారీల జులుంతో పోల్చి మాట్లాడుకునేవారు. అచ్చుకాగితం ఏకముఖమైన వస్తువే. దాని చుట్టూ ఏర్పడిన గుంపు దాన్ని పరస్పర సాధనంగా మార్చింది.

కళారూపాల్లో చూసినా అంతే. బుర్రకథలో కథకుడు ఒక్కడే మాట్లాడడు. ఒక పక్క రాజకీయం చెప్పే వంత, ఇంకో పక్క హాస్యం చెప్పే వంత ఉంటారు. వంతలు కథకుడిని ఆపుతారు, అనుమానం అడుగుతారు, వెక్కిరిస్తారు, ఊళ్ళో సంగతి కథలోకి లాగుతారు. జనం అడగాలనుకున్నది వంత అడుగుతాడు. 1940లలో ప్రజానాట్యమండలి ఈ రూపాన్ని చేపట్టినప్పుడు, నాజర్ దాన్ని ఊరూరా వినిపించినప్పుడు, అది గొప్ప పాఠశాల అయిందంటే కారణం గొంతు ఒక్కటే కాదు. అడ్డుతగిలే గొంతుకు కథ నిర్మాణంలోనే స్థానం ఉంది. చదువు చెప్పే ఏ యంత్రంలోనైనా ఆ వంత స్థానం ఎవరిదని మనం వెతకాలి.

3

ఇక యంత్రం దగ్గరికి వద్దాం. 1975 ఆగస్టు 1న దేశంలోని ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాల్లో ఉపగ్రహం ద్వారా టెలివిజన్ మొదలైంది. దాని పేరు ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం, పొట్టిగా సైట్. విక్రమ్ సారాభాయ్ ఊహించిన పని ఇది. అమెరికా అంతరిక్ష సంస్థతో 1969లో ఒప్పందం కుదిరింది. ఆయన 1971లో మరణించారు. అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఒక్క ఏడాదికి మన వైపు జరిపి ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాద్, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల పల్లెలు ఇందులో ఉన్నాయి. దేవరయాంజాల్ అప్పట్లో హైదరాబాద్ జిల్లాలోదే. రంగారెడ్డి జిల్లా ఏర్పడింది 1978లో. పల్లెల్లో పెట్టిన టెలివిజన్లు తయారైంది హైదరాబాద్ ఈసీఐఎల్‌లో. కోళ్ళ గూటికి వాడే ఇనుప జల్లెడతో పది అడుగుల గొడుగు చేసి పంచాయతీ ఇంటి దగ్గరో, బడి దగ్గరో నిలబెట్టారు. మన కార్మికులు, మన ఇంజనీర్లు చేసిన ఘనకార్యం అది. దాన్ని తక్కువ చేసి చూడకూడదు.

పొద్దున బడిపిల్లలకు గంటన్నర, సాయంత్రం పెద్దలకు రెండున్నర గంటలు. పొద్దుటి గంటన్నరను నాలుగు భాషలు పంచుకున్నాయి గనుక తెలుగు పిల్లల వాటా ఇరవైరెండున్నర నిమిషాలు. ఉపగ్రహం ఒక బొమ్మతో పాటు రెండు ధ్వనులు పంపగలదు. అందుచేత ఒకే బొమ్మను తెలుగు పల్లె తెలుగులో, కన్నడ పల్లె కన్నడంలో చూసే ఏర్పాటు సాధ్యమైంది. సాయంత్రం అరగంట మాత్రం అందరికీ కలిపి హిందీలో ఢిల్లీ నుంచి వచ్చేది.

అందులో ఊరి నుంచి పైకి వెళ్ళే దారి లేదు. సాంకేతికంగా దీనికి కారణం ఉంది. ఉపగ్రహం మీద ముప్పై అడుగుల గొడుగు ఉండబట్టి కింద చవక సాధనంతో అందుకోవడం వీలైంది. పైకి పంపాలంటే మాత్రం పెద్ద భూకేంద్రం కావాలి. అవి అహ్మదాబాద్‌లో, ఢిల్లీలో ఉన్నాయి. వినడానికి 2,400 చోట్లు, మాట్లాడటానికి రెండు చోట్లు! ఇది యంత్ర స్వభావం మాత్రమే అనుకుంటే పొరపాటు. ప్రయోగం మొదలయ్యే నాటికి అత్యవసర పరిస్థితి వచ్చి అయిదు వారాలు. పత్రికల మీద సెన్సారు ఉంది, రచయితలు జైళ్ళలో ఉన్నారు. పైనుంచి కిందికి మాత్రమే మాట ప్రవహించే సాధనం, పైనుంచి కిందికి మాత్రమే మాటను అనుమతించిన పాలన, రెండూ ఒకే ఏడాదిలో తటస్థపడ్డాయి. ఒకటి ఇంకొకదాని కోసం పుట్టిందని అనను. సైట్ ఆలోచన అంతకు ఎన్నో ఏళ్ళ ముందుది. కాని ఏకముఖ సాధనం ఏకముఖ పాలనకు ఎంత సులువుగా ఒదుగుతుందో గుర్తించకుండా ముందుకు పోలేం.

అయితే ఫలితాల దగ్గర మనం ఊహించనిది ఎదురవుతుంది. పిల్లల మీద జరిపిన పరిశీలనల్లో టెలివిజన్ చూసిన పిల్లల పరీక్షా ఫలితాలు చెప్పుకోదగినంత పెరగలేదని తేలింది. పెరిగింది మరొకటి: వాళ్ళ భాష. కొత్త సంగతులు తెలుసుకోవాలన్న ఆసక్తి. అంటే మార్కులు రాలేదు గాని మాట వచ్చింది. పాలకులు దీన్ని స్వల్ప ఫలితంగా చూసి ఉండవచ్చు. సాహిత్య విద్యార్థులు మాత్రం దీని దగ్గర ఆగాలి. ఇంట్లో పుస్తకం లేని, బడిలో ప్రశ్న లేని పల్లె పిల్లవాడికి రోజూ ఇరవై నిమిషాలు తెలుగులో లోకం కనిపిస్తే నోరు విచ్చుకుంది. నోరు విచ్చుకున్న పిల్లవాడిని ఎవరు వినాలి? ఆ ప్రశ్నకు ప్రణాళికలో జవాబు లేదు. పన్నెండు రోజుల ఉపాధ్యాయ శిక్షణ మాత్రం దీనికి కాస్త భిన్నం. 1975 అక్టోబరులో ఒకసారి, 1976లో మరోసారి, రెండు విడతల్లో సుమారు 48,000 మంది ప్రాథమికోపాధ్యాయులకు టెలివిజన్, రేడియో, అచ్చుపాఠం, చేసి చూసే ప్రయోగాలు, గుంపు చర్చ కలిపి విజ్ఞానశాస్త్రం చెప్పారు. తెర ఆరిన తర్వాత మనుషులు మాట్లాడుకునే వేళను పాఠంలో భాగం చేయడం అక్కడ జరిగింది. సైట్‌లో మన కొలబద్దకు కొంతైనా దగ్గరగా వచ్చింది అదే.

1976 జూలై 31న ప్రయోగం ముగిసింది. ఏటీఎస్-6 వెనక్కి వెళ్ళిపోయింది. ఊళ్ళో యంత్రం ఉంది, ఆకాశంలో గొంతు లేదు. తమ ఇష్టాయిష్టాలతో పనిలేకుండా వచ్చినది తమ ఇష్టాయిష్టాలతో పనిలేకుండానే పోయింది.

4

ఏకముఖత యంత్రం తలరాత కాదని రుజువు చేసింది గుజరాత్‌లోని ఖేడా జిల్లా. అదే 1975లో పిజ్ అనే ఊళ్ళో చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి అక్కడి పల్లెలకు అక్కడి మాండలికంలోనే కార్యక్రమాలు ఇచ్చారు. పల్లె జనం నటించారు, తమ మీద జరిగే దోపిడీని చెప్పారు, అధికారులను నిలదీశారు. కార్యక్రమం వేయకముందు ఊరివాళ్ళను అడిగారు, వేశాక వాళ్ళేమన్నారో విని మార్చారు. 1984లో దానికి యునెస్కో బహుమతి వచ్చింది. 1990కల్లా ట్రాన్స్‌మిటర్ మూతపడింది. బహుమతి పొందినంత మాత్రాన బతికి బట్టకట్టలేకపోయింది. ఎదురుమాటకు కాలవ తవ్వడం సాంకేతికంగా సాధ్యమే, దాన్ని పూడ్చకుండా ఉంచడం రాజకీయ సమస్య అని ఖేడా చెబుతున్నది.

తెలుగునాట 1977 అక్టోబరులో హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది. 1980లలో ఇన్సాట్ ఉపగ్రహాలతో బడి ప్రసారాలు మళ్ళీ వచ్చాయి. 1984లో క్లాస్ పేరుతో దేశంలో కొన్ని వందల బళ్ళకు కంప్యూటర్లు ఇచ్చారు. తెర మీద కనిపించే భాష ఇంగ్లీషు. ఈ ఘట్టాల మీద ఎక్కువసేపు ఆగనక్కరలేదు. యంత్రాలు మారాయి, కూర్చునే పద్ధతి మారలేదు.

ఆగవలసింది 1982లో. ఆ ఏడాది ఆగస్టులో దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో ఏర్పడింది. జి. రాంరెడ్డి తొలి ఉపకులపతి. 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. బడి మానేసిన కూలివాడు, గుమాస్తా, ఇల్లాలు అర్హత పరీక్ష రాసి డిగ్రీ చదవవచ్చన్న ఏర్పాటు మామూలు విషయం కాదు. తెలుగులో డిగ్రీ పాఠాలు రాయించారు. 1968లో తెలుగు అకాడమీ మొదలుపెట్టిన పనిని అది ముందుకు తీసుకుపోయింది. ఆకాశవాణి పాఠం వినిపించేది. ఆదివారం అధ్యయన కేంద్రంలో మనిషి ఎదురుగా దొరికేవాడు. దూరవిద్యలో విద్యార్థికి అడిగే చోటు ఆ ఆదివారమే. రేడియో పాఠాన్ని ఆపి 'అర్థం కాలేదు' అనలేం. ఆదివారం అనవచ్చు. దూరవిద్య నిలబడిందంటే ప్రసారం ఒక్కటే కారణం కాదు. ఆ ఆదివారపు సమావేశం దాని గుండెకాయ.

5

ఇప్పుడు ఒక ఎదురు ఉదాహరణ చూడాలి. అందులో తెర లేదు, ఉపగ్రహం లేదు, విద్యుత్తు కూడా అక్కరలేదు.

1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు, ఉపాధ్యాయులు కళాజాతాలతో ఊరూరా తిరిగారు. కూలిపని ముగించుకుని వచ్చిన ఆడవాళ్ళు లాంతరు వెలుగులో వాచకం పట్టుకున్నారు. ఆ వాచకాల్లో సీతమ్మ కథ ఒకటి: సారా వల్ల కూలిపోయిన సంసారం. దూబగుంటలో ఆ పాఠం చదివిన ఆడవాళ్ళు అక్షరాల దగ్గర ఆగలేదు. ఈ సీతమ్మ మనమే గదా అన్నారు. మరి మన ఊళ్ళో సారా కొట్టు ఎందుకుంది అన్నారు. కొట్టు మూయించారు. తర్వాత సంగతి చరిత్ర. 1992లో జిల్లా దాటిన ఉద్యమం వేలంపాటలను ఆపింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం చట్టమైంది. ఆ నిషేధం కొద్ది ఏళ్ళకే సడలిపోయిన మాట నిజమే. అయినా వాచకంలోని ఒక పేజీకి చదువరులు ఇచ్చిన జవాబు రాష్ట్ర ఖజానాను వణికించిన సంగతి చెరిగిపోదు.

మన కొలబద్దతో దీన్ని కొలవండి. విద్యార్థి మాట తర్వాతి పాఠాన్ని మార్చిందా? దూబగుంట ఆడవాళ్ళ మాట పాఠాన్ని దాటి చట్టాన్ని మార్చింది. విద్యారంగంలో పరస్పరత అన్న మాటకు తెలుగు చరిత్రలో ఇంతకంటే గొప్ప దృష్టాంతం నాకు కనపడదు. అక్కడ సాధనం రూపాయి విలువ చెయ్యని కాగితం. కాని పాఠం వాళ్ళ బతుకులోంచి వచ్చింది, వాళ్ళ భాషలో ఉంది, కలిసి చదివారు, చదివాక మాట్లాడుకునే వేళ దొరికింది. ఈ నాలుగూ ఉంటే ఏ యంత్రమైనా పనిచేస్తుంది. ఏది లేకపోయినా ఎంత ఖరీదైన యంత్రమైనా కుంటుతుంది.

ఇదే సూత్రం 2008లో మరో రూపంలో కనిపించింది. మెదక్ జిల్లా జహీరాబాద్ ప్రాంతం మాచునూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత స్త్రీలు 'సంఘం రేడియో' నడపడం మొదలుపెట్టారు. విత్తనం గురించి, పంట గురించి తమ యాసలో తామే మాట్లాడారు, తామే రికార్డు చేశారు. సైట్ ప్రయోగం జరిగిన మెదక్ జిల్లాలోనే ముప్పై మూడేళ్ళ తర్వాత వినేవాళ్ళు చెప్పేవాళ్ళయ్యారు. దీని ప్రాధాన్యం సాంకేతిక చరిత్రలో కంటే మన సాహిత్య చరిత్రలో ఎక్కువ అని నా అభిప్రాయం.

6

కొత్త శతాబ్దంలో పరస్పరత అన్న మాట యంత్రం పేరులోకే వచ్చింది. 2000ల తొలి ఏళ్ళలో హైదరాబాద్ నుంచి మన టీవీ ఉపగ్రహ ప్రసారాలు ప్రారంభమయ్యాయి. 2004 సెప్టెంబరు 20న చదువుకోసమే అన్న పేరుతో ఎడ్యుశాట్ ఎగిరింది. స్టూడియోలో ఉపాధ్యాయుడు, దూరాన విద్యార్థి, మధ్య ఫోను. బొమ్మ ఒకవైపు, ధ్వని రెండువైపులా. 1975తో పోలిస్తే ఇది ముందడుగే. కాని వేలమంది వినే పాఠానికి ఫోనులో దొరికేది ఇద్దరు ముగ్గురి గొంతు. తక్కిన వాళ్ళకు పరస్పరత అంటే ఇంకొకరు అడగడం వినడం.

2008లోనే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. బాసర, నూజివీడు, ఇడుపులపాయ ప్రాంగణాల్లో సర్కారు బడిలో చదివిన పల్లెపిల్లలకు పదో తరగతి మార్కులతో ప్రవేశం ఇచ్చారు. చేతికి లాప్‌టాప్ ఇచ్చారు, తెర మీద పాఠాలు పెట్టారు. కూలివాడి బిడ్డ చేతిలో కంప్యూటరు చూసి ఎవరి గుండె పొంగలేదు? ఆ స్వప్నంలోని ప్రజాస్వామిక అంశం గొప్పది. అయితే 2022 జూన్‌లో బాసర విద్యార్థులు వేలమంది ప్రాంగణంలో రోజుల తరబడి ఎండకూ వానకూ కూర్చున్నారు. శాశ్వత ఉపకులపతి కావాలన్నారు, చాలినంతమంది అధ్యాపకులు కావాలన్నారు, లాప్‌టాప్‌లు కావాలన్నారు. విద్యాశాఖ మంత్రి వచ్చి మాట్లాడాక గాని వాళ్ళు లేవలేదు. సాంకేతిక సాధనాల మధ్య పెరిగినవాళ్ళు తమ మాట వినిపించడానికి నేల మీద కూర్చోవలసి వచ్చింది. ప్రశ్నకు జవాబిచ్చే తెర ఉండటం వేరు, ప్రశ్నకు జవాబుదారీ వహించే మనిషి ఉండటం వేరు. ఈ తేడా మరిచినవాళ్ళకు ఆ పిల్లలు మంచి పాఠం చెప్పారు.

7

2020లో మహమ్మారి వచ్చి బడి మూసింది. సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్ళ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. అంటే నలభై అయిదేళ్ళ తర్వాత మళ్ళీ సైట్ పద్ధతికే వచ్చాం. పెద్ద బళ్ళ పిల్లలు ఫోను తెరల మీద పంతులుతో ముఖాముఖి మాట్లాడుతుంటే, సర్కారు బడి పిల్లవాడు టెలివిజన్ ముందు చెవులు ఒప్పగించాడు. ఇంట్లో ఒకే ఫోను ఉంటే అది తండ్రితో పనికి పోయింది. పంతులు వాట్సాప్‌లో పంపిన ప్రశ్నాపత్రం సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరింది. నల్సార్‌కూ, బిట్స్‌కూ, గోదాము కూలి గుడిసెకూ మధ్య ఉన్న కొద్ది కిలోమీటర్ల దూరం ఆ ఏడాది ఎంత పెద్దదో తెలిసివచ్చింది. పరస్పరత అన్నది ఇక్కడ వర్గ సమస్య. డబ్బున్నవాడి పిల్లలకు సంభాషణ, లేనివాడి పిల్లలకు ప్రసారం.

మహమ్మారి పోయింది, తెరలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు కింద, తెలంగాణలో 2022లో మొదలైన మన ఊరు-మన బడి తర్వాత, ఉన్నత పాఠశాలల్లో స్పర్శతెరలు పెట్టారు. 2025లో తెలంగాణ ప్రాథమిక పాఠశాలల్లో కృత్రిమ మేధ సాయంతో చదవడం, లెక్కలు నేర్పే కార్యక్రమం ప్రారంభమైంది. పిల్లవాడి స్థాయిని బట్టి ప్రశ్న మారుతుంది. ఇది మన కొలబద్దకు దగ్గరగా ఉంది గదా అనవచ్చు. పిల్లవాడి జవాబును బట్టే తర్వాతి పాఠం మారుతున్నది.

మారుతున్నది నిజమే. దీన్ని మెచ్చుకోవాలి. నలభైమందిలో వెనక బెంచీ పిల్లవాడికి తన వేగంతో నేర్చుకునే అవకాశం మన పంతుళ్ళలో చాలామంది ఇవ్వలేదు. యంత్రం వెక్కిరించదు, తొడపాశం పెట్టదు. యంత్రాన్ని చూసి భయపడటం అభ్యుదయవాదుల పని కాదు. కాని తప్పొప్పులను బట్టి ప్రశ్న మారడం ఒకటి, ప్రశ్న వేసే హక్కు చేతులు మారడం ఇంకొకటి. యంత్రం అడుగుతున్నది, పిల్లవాడు చెబుతున్నాడు. అడిగేవాడు అడిగేచోటే ఉన్నాడు.

అంతకంటే లోతైన సమస్య భాషది. 2022-23లో తెలంగాణ సర్కారు బళ్ళలో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా వాచకాలు అచ్చువేశారు. ఇంగ్లీషు వద్దనే హక్కు ఇంగ్లీషు చదివిన మనకు లేదు. దళిత, బహుజన తల్లిదండ్రులు ఇంగ్లీషు కావాలని ఎందుకు అడుగుతున్నారో అర్థం చేసుకోవాలి. అయినా, నిజాం కాలపు బడిని తలుచుకుంటే ఒక ప్రశ్న తప్పదు: అర్థం కాని భాషలో పిల్లవాడు ఎదురుమాట ఎట్లా అంటాడు?

ఇక తెలుగే అనుకుందాం. ఏ తెలుగు? పిల్లవాడు గట్టిగా చదివితే విని దిద్దే యంత్రాలు వస్తున్నాయి. యంత్రం పుట్టుకతో భాష ఎరగదు. దానికి వినిపించిన మాటల్లోంచే నేర్చుకుంటుంది. పత్రికల తెలుగు, వార్తల తెలుగు విని పెరిగిన యంత్రం ముందు 'గిదేంది సారూ, నాకు సమజ్ కాలే' అన్న పిల్ల నిలబడితే అది ఏమంటుంది? తప్పు అంటుందా, విననట్టు ఊరుకుంటుందా? ఒకప్పుడు వాచకం ఆ పిల్ల భాషను చిన్నబుచ్చింది. పంతులు చిన్నబుచ్చాడు. సినిమా దాన్ని విదూషకుడి నోట్లో పెట్టి నవ్వించింది. ఇప్పుడు యంత్రం కూడా చిన్నబుచ్చితే, 1921 నాటి సభలో వినిపించిన హేళన మళ్ళీ మోగినట్టే. తేడా అల్లా, ఈసారి హేళన చేసేది మనుషులు కాదు గనుక కోపగించుకోవడానికి కూడా ఎవరూ దొరకరు. ఇళ్ళలో లంబాడీ మాట్లాడే పిల్లల సంగతి, నగర శివారు గోదాముల వెంట, కట్టడాల వెంట ఒరియా, హిందీ నేలల నుంచి వచ్చిన కూలీల పిల్లల సంగతి ఇంకా కష్టం.

8

ఈ చరిత్రలో రచయితలకు సంబంధించిన భాగం చివరికి మిగిలింది.

మనం కూడా చాలాకాలం ప్రసార కేంద్రాలుగానే పనిచేశాం. ప్రజలకు చైతన్యం అందించాలన్నాం. అందించడం అన్న మాటలోనే పైనుంచి కిందికి అన్న అర్థం ఉంది. మన పాఠకుడి ఉత్తరం మన తర్వాతి కథను మార్చిన సందర్భాలు ఎన్ని? సైట్‌ను విమర్శించిన కొలబద్దను మన మీదికి తిప్పుకుంటే సిగ్గుపడవలసి వస్తుంది. దూబగుంట ఆడవాళ్ళకు సీతమ్మ కథ పనికివచ్చింది అందులో కళాకౌశలం ఉన్నందువల్ల కాదు. చదివినవాళ్ళు తమ మాట కలుపుకోవడానికి అందులో చోటుంది.

కనుక చేయవలసిన పని ఉంది. యంత్రాలకు తెలుగు నేర్పుతున్న కాలం ఇది. ఆ తెలుగులో గోదావరి లంక పిల్ల, పాలమూరు వలసకూలీ కొడుకు, దేవరయాంజాల్ గోదాము కాపలాదారు కూతురు ఉండాలంటే వాళ్ళ మాట రాతలోకీ రికార్డులోకీ రావాలి. వాళ్ళు చెప్పే కథలు, పొడుపుకథలు, తగాదాలు, ప్రశ్నలు వాళ్ళ యాసలోనే బడి పత్రికలుగా, వాచకాలుగా రావాలి. ఉపాధ్యాయులు ఇప్పటికే అక్కడక్కడ పిల్లల చేత రాయిస్తున్నారు. సాహిత్య సంఘాలు దాన్ని బాలసాహిత్యమని ఓ మూలకు నెట్టకుండా సాహిత్యం పనిగా చేపట్టాలి. తెర ఆరిన తర్వాత మాట్లాడుకునే వేళ పాఠ్యప్రణాళికలో ఉండాలని ఉపాధ్యాయ సంఘాలు అడగాలి. పిల్లలు ఏమడిగారో పాఠం తయారుచేసేవాళ్ళకు చేరే దారి ఉండాలని, చేరిందని రుజువు చూపాలని మనమూ అడగాలి.

1975లో ఈసీఐఎల్ కార్మికుడు చేసిన పెట్టెలో లోపం లేదు. ఊరి నుంచి పైకి మాట తీసుకుపోయే దారి వేయకపోవడమే లోపం. ఇవాళ సాంకేతికంగా ఆ దారి ఉంది. దాన్ని తెరిచి ఉంచుతారా, లేదా అన్నదే మిగిలిన ప్రశ్న. బుర్రకథలో వంత లేకుండా కథకుడు కథ నడపలేడు. బడిలో ఆ వంత స్థానం పిల్లలది. గోడ మీద తెర ఎంత వెలిగినా, 'అది కాదు సార్' అన్న ఒక్క పిల్ల మాటకు పాఠం ఆగి, వెనక్కి తిరిగి చూసుకున్న రోజునే దానికి పరస్పరత అన్న పేరు చెల్లుతుంది.